గళ్ళు అరవై నాలుగు, అంకెలు ఇరవై

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఏదైనా ఒక విషయం మీద అరగంట మాట్లాడండి, కరువు భత్యం గురించి మాత్రం వద్దు" అని కార్యదర్శిగారు నాకు ముందే షరతు పెట్టారు. రక్తపోటు గురించి డాక్టరుగారు కిందటి నెల చెప్పారు. ఆధ్యాత్మికం చెప్పగల వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళ పైచిలుకు గుమాస్తాగా చేసింది ఒకటే పని: అంకెలు రాయడం, కూడడం, సరిచూడడం. అందుచేత ఈ రోజు ఒకే ఒక్క సంఖ్య గురించి మాట్లాడతాను. బోర్డు మీద పెద్దగా రాయించాను, వెనక కూర్చున్నవారికి కూడా కనిపిస్తుందనుకుంటాను.

18446744073709551615

ఇరవై అంకెలు. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. బిల్లు మీద "అక్షరాలా" అన్నచోట రాయవలసి వస్తే ఇలా రాయాలి: ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటికోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్లు, తొంభై అయిదు లక్షల యాభై ఒక వెయ్యి ఆరు వందల పదిహేను మాత్రమే. ఆ "మాత్రమే" రాయకపోతే ట్రెజరీలో బిల్లు వెనక్కి వస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇది ఎక్కడిదో చాలామంది ఈపాటికి గుర్తుపట్టి ఉంటారు. చదరంగం కనిపెట్టిన పండితుణ్ణి రాజుగారు ఏం కావాలో కోరుకోమన్నారు. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళకూ ధాన్యం ఇమ్మన్నాడాయన. రాజుగారు నవ్వి సరేనన్నారు. తరవాత ఖజానా గుమాస్తాలు లెక్క కట్టి తెల్లమొహం వేశారు. కథ ఎంత నిజమో ఎవరికీ అక్కరలేదు. నాకు మాత్రం ఎప్పుడూ ఆ గుమాస్తాల మీదే జాలి కలుగుతుంది. రాజు మాట ఇచ్చేశాడు, పండితుడు అడిగేశాడు, మధ్యలో స్టేట్‌మెంటు తయారు చేయవలసినవాడు గుమాస్తా.

గోధుమలు మనకెందుకు, బియ్యమే అనుకుందాం. గ్రాముకు 50 గింజలని లెక్క పెట్టుకుందాం. సన్నబియ్యమైతే ఇంకా ఎక్కువే తూగుతాయి. మొదటి వరస ఎనిమిది గళ్ళకూ కలిపి 255 గింజలు, అంటే అయిదు గ్రాములు. పిచ్చుకలకు చల్లడానికి కూడా చాలవు. రెండు వరసలకు 65,535 గింజలు, కిలో మూడు వందల గ్రాములు. ఇంటికి చుట్టాలొస్తే ఒక పూటకు సరిపోతాయి. ఇరవై ఒకటో గడి ఒక్కదానిలోనే పది లక్షల నలభై ఎనిమిది వేల చిల్లర గింజలు, సుమారు 21 కిలోలు. మనం నెలకు తెచ్చుకునే బస్తాకు కొంచెం తక్కువ. ఇంతవరకు రాజుగారి నవ్వులో తప్పేమీ లేదు. సగం పలక, అంటే ముప్పై రెండు గళ్ళు పూర్తయ్యేసరికి 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 గింజలు, 86 టన్నులు. ఎనిమిదో తొమ్మిదో లారీలు. రాజ్యం ఏలేవాడికి ఇదీ లెక్కలోకి రాదు.

చిక్కంతా రెండో సగంలో ఉంది. మొత్తం బరువు 36,893 కోట్ల టన్నులు. ఈ రోజు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు. అంటే ఏడు వందల ఏళ్ళ పంట, ఒక్క గింజ కూడా ఎవరూ తినకుండా. ఈ మాట మా ఆవిడకు చెబితే "ముందు ఈ నెల బస్తా తెచ్చి పడెయ్యండి" అంది.

ఇక్కడ ఒక చిన్న సూత్రం గమనించండి. ఏ గడి దగ్గర ఆగినా, అప్పటివరకు వచ్చిన మొత్తం తరవాతి గడిలో గింజలకన్నా సరిగ్గా ఒకటి తక్కువ. ఒకటీ రెండూ నాలుగూ కలిపితే ఏడు, తరవాతి గడిలో ఎనిమిది. కాబట్టి అరవై నాలుగు అంకెలు వరసగా రాసి కూడవలసిన అవసరం లేదు. లేని అరవై అయిదో గడిలో ఎన్ని ఉండాలో కనుక్కుని ఒకటి తీసేస్తే చాలు.

దానికీ అడ్డదారి ఉంది. సుమారు 1000వ సంవత్సరంలో అల్‌బిరూనీ తన కాలగణన గ్రంథంలో చూపించాడు. 16 తీసుకోండి. దాన్ని దానితోనే గుణిస్తే 256. మళ్ళీ గుణిస్తే 65,536. మళ్ళీ గుణిస్తే 4294967296. ఇంకొక్కసారి గుణిస్తే 18446744073709551616. ఒకటి తీసేయండి, అయిపోయింది. నాలుగే నాలుగు గుణకారాలు. చివరిది మాత్రం పది అంకెలను పది అంకెలతో గుణించడం. వయసులో ఉన్నప్పుడు మా ఆఫీసులో చేతిపిడి తిప్పే ఫేసిట్ యంత్రం ఒకటి ఉండేది, దానిలో ఇరవై అంకెలకు చోటు లేదు. ఇప్పటి చిన్న క్యాలిక్యులేటర్లు చాలావాటిలో కూడా ముందు అంకెలు కనిపిస్తాయి గాని తోక అంకెలు మింగేసి సున్నాల లెక్క చూపిస్తాయి. కాగితం, పెన్సిలు అయితే ఆ చివరి 615 దాకా తీసుకెళ్ళి వదులుతాయి. గుమాస్తాకు కావలసింది ఆ చివరి 615.

ఇప్పుడు మన తెలుగువాళ్ళ సంగతికి వస్తాను, అసలు ఈ సంఖ్యను ఎంచుకున్నది ఇందుకే. మహావీరాచార్యుడనే జైన పండితుడు తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. రాజరాజ నరేంద్రుని కాలంవాడని చెబుతారు. మల్లన పేరుతో ప్రసిద్ధమైన ఒక చంపకమాల ఉంది. అందులో సగానికి పైగా ఈ బోర్డు మీద ఉన్న సంఖ్యే. ఇరవై అంకెలూ ఒక్కటి కూడా తప్పకుండా ఉన్నాయి.

అంకెలు పద్యంలో ఎలా పడతాయని పిల్లలు అడుగుతారు. మన పూర్వులకు అంకెల బదులు మాటలు వాడే అలవాటు ఉండేది. చంద్రుడు ఒక్కడే కనుక చంద్రుడంటే 1. కళ్ళు 2. అగ్నులు 3. వేదాలు, సముద్రాలు 4. మన్మథుడి బాణాలు 5. ఋతువులు 6. కొండలు 7. దిక్కుల ఏనుగులు 8. ఒంట్లో రంధ్రాలు 9. ఆకాశం శూన్యం కనుక సున్నా. చదవడం మాత్రం ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపుకు. బోర్డు మీద చివరి అంకె 5 కదా, పద్యం మొదటి మాట బాణమే. చిట్టచివర మిగిలిన 1 దగ్గరకు వచ్చేసరికి చంద్రుడు. మధ్యలో 4 నాలుగుసార్లు వస్తుంది, నాలుగుసార్లూ వేరువేరు మాటలే పడ్డాయి. ఇంకో చమత్కారం చూడండి: అన్నీ రెట్టింపులతో పుట్టిన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఒక్కచోట కూడా లేదు. మల్లనగారికి కళ్ళ అవసరమే రాలేదు.

ఇది కవిగారి సరదా అని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశం వేరు. తాటాకుల మీద అంకెలు రాస్తే, ఎత్తి రాసేవాడు ఒకసారి కాకపోతే ఒకసారి 7 బదులు 1 వేస్తాడు, 44 బదులు ఒక 4 వేస్తాడు. ఇరవై అంకెల వరస పది చేతులు మారేసరికి ఏ రూపంలో ఉంటుందో చెప్పలేం. పద్యంలో అలా కుదరదు. ఒక మాట జారిపోతే గణం తప్పుతుంది, నోటికి వచ్చినవాడు వెంటనే పట్టుకుంటాడు. మనం బిల్లు మీద అంకెలు వేసి, కింద అక్షరాల్లో ఎందుకు రాస్తాం? సరిగ్గా అందుకే. మల్లనగారి పద్యం ఆ లెక్కకు "అక్షరాలా" గడి అన్నమాట.

ఆ గడి విలువ ఎంతో నాకు తెలిసిన ఒక కేసు చెబుతాను. ఊరు, ఆఫీసు పేర్లు వద్దు. ఒక అటెండరు సర్వీసులో ఉండగా పోయాడు. ఆయన భార్యకు కుటుంబ పెన్షను వస్తోంది. ఆవిడకు చదువు లేదు. తన భర్తతో పాటు చేరినవాడి భార్యకు తనకన్నా ఎక్కువ వస్తోందని, ఎందుకో చూడమని నా దగ్గరకు వచ్చింది. చేతిలో ఉన్న కాగితంలో నెలకు 1,460 అని ఉంది. రెండో ఆవిడకు 1,640. ఇద్దరివీ ఒకే జీతాలు, ఒకే ఏడాది సర్వీసు. తేడా 180. నేను కాగితం పక్కన పెట్టి, "అమ్మా, ఇది ఎవరో అంకెలు తారుమారు చేశారు" అన్నాను. ఆవిడ నమ్మలేదు, ఇంకా ఫైలు చూడకుండానే ఈయనకెలా తెలుసని.

మనలో లెక్కల సెక్షన్లో పనిచేసిన వాళ్ళకు ఇది వెన్నతో పెట్టిన విద్య. పక్కపక్కన ఉన్న రెండు అంకెలు అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ 9తో పోతుంది. 64 బదులు 46 వేస్తే తేడా 18. 71 బదులు 17 వేస్తే 54. ఒక అంకె స్థానం జరిగితే ఒకటి పది అవుతుంది, మధ్యలో తేడా తొమ్మిది, అంతే రహస్యం. క్యాష్‌బుక్కు టాలీ కానప్పుడు తేడా 9తో పోతోందా అని మొదట చూసేది అందుకే. 180 తొమ్మిదితో పోతుంది. చివరికి మొదటి మంజూరు ఉత్తర్వు బయటపడింది. అందులో అక్షరాలా "ఒక వెయ్యి ఆరు వందల నలభై" అని స్పష్టంగా ఉంది. తరవాత ఎవరో ఎత్తి రాసేటప్పుడు 6, 4 తారుమారై, ఆ తప్పు అంకెలు చూసే కింద అక్షరాలు రాశారు. నలభై ఒక్క నెలలకు 7,380 రూపాయలు బకాయి వచ్చింది. ఆ డబ్బుతో ఇంటి పైకప్పుకు రేకులు వేయించుకుంది. ఉత్తర్వులో అక్షరాలు లేకపోతే ఆవిడ మాట ఎవరు వినేవారు?

ఇప్పుడు మన ఇరవై అంకెల సంఖ్యను అలాగే సరిచూద్దాం. మల్లనగారు చెప్పారని నమ్మాలా? అక్కరలేదు. అంకెలన్నీ కూడండి: 87. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ అయిదూ ఆరు. కాబట్టి 9తో భాగిస్తే 6 మిగలాలి. రెట్టింపుల వైపునుంచి చూద్దాం. 2, 4, 8, 16, 32, 64 వీటిని 9తో భాగిస్తే మిగిలేవి 2, 4, 8, 7, 5, 1. తరవాత మళ్ళీ ఇదే వరస. అరవై నాలుగుసార్లు అంటే పది వరసలు పోగా నాలుగోది: 7. ఒకటి తీసేస్తే 6. సరిపోయింది.

అయితే ఈ తొమ్మిదుల పరీక్షకు ఒక గుడ్డితనం ఉంది. అంకెలు తారుమారైతే కూడిక మారదు కనుక, సరిగ్గా ఆ అటెండరు భార్య కేసులాంటి తప్పును అది పట్టలేదు. చివర 15 బదులు 51 అని రాసినా మొత్తం 87 గానే ఉంటుంది. అప్పుడు పదకొండుల పరీక్ష పెట్టాలి. కుడినుంచి ఒకటి విడిచి ఒకటి కూడితే 62, మిగిలినవి కూడితే 25. తేడా 37. అందులో మూడు పదకొండులు తీసేస్తే 4. అటువైపు, 2ను పదిసార్లు వేసి గుణిస్తే 1024, దాన్ని 11తో భాగిస్తే 1 మిగులుతుంది. కాబట్టి అరవై పోగా మిగిలిన నాలుగు రెట్టింపులు చూస్తే చాలు: 16, పదకొండు తీసేస్తే 5, ఒకటి తగ్గిస్తే 4. ఇదీ సరిపోయింది. అదే 51 అని రాసి ఉంటే 7 వచ్చి దొంగ దొరికిపోయేవాడు.

ఇక ఈ సంఖ్య లోపల ఏముందో చూద్దాం. చివర 5 ఉంది కనుక 5తో పోతుంది. కూడిక 87 కనుక 3తోనూ పోతుంది. పూర్తిగా విడగొడితే ఏడు ప్రధాన సంఖ్యలు వస్తాయి: 3, 5, 17, 257, 641, 65537, 67,00,417. ఒక్కొక్కటీ ఒక్కసారే. ఈ ఏడింటినీ గుణిస్తే మన సంఖ్య వస్తుంది, గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు. 17 అనగానే మనకు గుర్తుకు రావలసింది ఒకటుంది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఆ తేదీనే మనం పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఊరికే చెప్పాను.

ఈ ఏడింటి వెనక పెద్ద కథే ఉంది. 3, 5, 17, 257, 65537, వీటిలో ఒకటి తగ్గించి చూడండి: 2, 4, 16, 256, 65536. అల్‌బిరూనీ మెట్లే. ఫ్రాన్సులో ఫెర్మా అనే న్యాయాధికారి ఉండేవాడు. మనలాగే ప్రభుత్వోద్యోగి, తీరిక వేళల్లో లెక్కలు చేసేవాడు. ఆయన 1640 ప్రాంతంలో ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే కాబట్టి, తరవాతి మెట్టు 4294967297 కూడా, ఆపైవి కూడా ప్రధాన సంఖ్యలే అయి ఉండాలని ఊహించాడు. అంత పెద్దమనిషి అన్నమాట తొంభై ఏళ్ళు నిలబడింది. 1732లో ఆయిలరు దాన్ని 641తో భాగించి శేషం లేకుండా చూపించాడు. భాగఫలం ఆ 67,00,417.

ఆయిలరు గుడ్డిగా వెతకలేదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దానిలో ఒకటి తగ్గిస్తే 64తో పోవాలని ముందు తర్కంతో తేల్చుకున్నాడు. మళ్ళీ అరవై నాలుగే చూడండి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అంటే అయిదో ప్రయత్నానికే దొరికింది. తొంభై ఏళ్ళలో ఎవరైనా కూర్చుని అయిదు భాగహారాలు చేసి ఉంటే సరిపోయేది. పై అధికారి సంతకం ఉన్న కాగితాన్ని ఎవరూ తిరిగి కూడరు, ఇది అన్ని దేశాల్లోనూ ఉన్న జబ్బే. ఫెర్మా చెప్పిన వరసలో ఆ మొదటి అయిదు తప్ప మరో ప్రధాన సంఖ్య ఇప్పటికీ దొరకలేదు.

1796లో గాస్ అనే కుర్రవాడు, పందొమ్మిదేళ్ళు నిండకముందే, స్కేలు, వృత్తలేఖినితో పదిహేడు భుజాల సమబహుభుజిని గీయవచ్చని రుజువు చేశాడు. ఆ అయిదు సంఖ్యలకే ఆ గుణం ఉంది. అయిదింటినీ కలిపి గుణిస్తే 4294967295, అంటే సగం పలక మీద గింజలు, అవే 86 టన్నులు. బేసి భుజాలతో అలా గీయదగినవాటిలో ఇప్పటికి తెలిసినంతలో అదే పెద్దది. గీసి చూడమని మాత్రం నన్ను అడగకండి.

కాశీలో ఒక గుడిలో అరవై నాలుగు బంగారు బిళ్ళలను ఒక కడ్డీ మీదనుంచి ఇంకో కడ్డీ మీదకు మారుస్తున్నారని, అది పూర్తయ్యేసరికి ప్రళయం వస్తుందని ఒక కథ మీరు విని ఉంటారు. అది మన పురాణం కాదు. 1883లో లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు అమ్మకానికి పెట్టిన ఆటబొమ్మ చుట్టూ అల్లిన కథ. ఎత్తులు మాత్రం సరిగ్గా మన సంఖ్యే. సెకనుకు ఒకటి చొప్పున 58,454 కోట్ల ఏళ్ళు పడుతుంది. భూమి వయసు 454 కోట్ల ఏళ్ళు. తొందరేమీ లేదు.

మన మనవళ్ళ కంప్యూటర్లలో కూడా ఉన్నది ఈ చదరంగం పలకే. ఒక్కొక్క గడిలో ఉందా లేదా అన్న రెండే జవాబులతో అరవై నాలుగు గళ్ళు పెడితే అందులో పట్టే పెద్ద సంఖ్య మన ఇరవై అంకెలదే. పాత యంత్రాల్లో ముప్పై రెండు గళ్ళే ఉండేవి, ఒకటి ధన, రుణ గుర్తుకు పోగా ముప్పై ఒకటి. అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఇది ప్రధాన సంఖ్య అని 1772లో రుజువు చేసింది కూడా ఆ ఆయిలరే. 2014లో యూట్యూబులో ఒక కొరియా పాటను చూసినవారి లెక్క ఈ సంఖ్య దాటిపోతోందని, డిసెంబరులో గళ్ళు అరవై నాలుగుకు పెంచారు. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత పద్ధతి యంత్రాలకు కూడా ఇదే గండం. 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు వాటి గళ్ళు నిండిపోతాయి. మార్చకుండా వదిలేసిన యంత్రం ఏదైనా ఉంటే అది 1901వ సంవత్సరానికి పోతుంది. మన పెన్షను లెక్కలు ఎక్కడున్నాయో అక్కడి కుర్రాళ్ళను ఎవరైనా ఒక మాట అడిగి ఉంచితే మంచిది. 1901లో మనలో ఎవరికీ పెన్షను లేదు.

టీ వస్తున్నట్టుంది. కార్యదర్శిగారి దగ్గర తెల్లకాగితాలు పెట్టించాను. టీ తాగుతూ 4294967297ను 641తో భాగించి చూడండి. పది నిమిషాల పని. 67,00,417 రాకపోతే, తేడా 9తో పోతోందేమో ముందు చూసుకుని నా దగ్గరకు తీసుకురండి.